దిగొద్దు నాన్నా

వర్జీనియాలో బండి నడిపేవాడికి ముందుగా తెలియాల్సింది ఒకటుంది. గంటకు 85 మైళ్లు దాటినా, బోర్డు మీదున్న వేగం కంటే 20 మైళ్లు ఎక్కువ పోయినా అక్కడ దాన్ని మామూలు ఓవర్ స్పీడ్‌గా చూడరు. రెక్‌లెస్ డ్రైవింగ్ కింద కేసు రాస్తారు. అది క్రిమినల్ కేసు. కోర్టు మెట్లెక్కాలి. ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. డ్రైవింగ్ రికార్డులో ఆ మచ్చ 11 ఏళ్లు ఉంటుంది. 2020 జూలైకి ముందైతే 80 దాటినా ఈ కేసే ఉండేది. ఇదంతా నాకు కొత్త కాదు. ఇండియా నుంచి వచ్చిన కుర్రాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. చెప్పే నేనే ఐ-81 మీద 70 బోర్డున్న చోట 91లో పోయాను, పక్క సీట్లో నాన్నను కూర్చోబెట్టుకుని.

నాన్న కందుకూరు డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఒక్క ప్రమాదమూ చేయనందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం ఇంట్లో దేవుడి పటాల పక్కనే వేలాడుతుంటుంది. అలాంటి మనిషికి అమెరికా రోడ్డు ఎలా ఉంటుందో, నేను దాని మీద ఎలా నడుపుతానో చూపించాలనిపించింది. నా తెలివితక్కువతనమంతా ఆ కోరికలోనే ఉంది. హారిసన్‌బర్గ్ దాటాక లోయ విశాలంగా పరుచుకుంటుంది. కుడి చేతి వైపు మసానటెన్ కొండ చాలా దూరం వెంట వస్తుంది. రోడ్డు నున్నగా ఉంటుంది. కాలు దానంతటదే కిందికి దిగింది.

పోలీసులు ఉంటే తెలిసిపోతుందని నా ధీమా. ఫోన్‌లో వేజ్ యాప్ నడుస్తోంది. ముందు ఎవరైనా పోలీసు కారును చూసి ఉంటే అది చెబుతుంది. నేనేమో రెండు వైపుల మధ్యలో గడ్డి మీద ఆగి ఉండే కార్ల కోసం, పైకప్పు మీద లైట్ల కోసం, పక్కన రాసిన అక్షరాల కోసం కళ్లు పెట్టుకుని చూస్తున్నాను. అంటే రోడ్డును చూసి కాదు, పోలీసును చూసి బండి నడుపుతున్నాను. ఏళ్ల తరబడి అదే పని చేశాను. పోలీసు కనబడితే బ్రేకు, కనబడకపోతే యాక్సిలరేటరు.

వెనకాల బూడిద రంగు కారొకటి ఉంది. పైన లైట్లు లేవు, పక్కన రాతలు లేవు. అలాంటి కార్లు రోడ్డు మీద వందలు. ఉన్నట్టుండి దాని ముందు అద్దం లోపలి నుంచి, రేడియేటర్ జాలీ సందుల్లోంచి నీలి లైట్లు కొట్టడం మొదలైంది.

షోల్డర్ మీదికి తీసి ఆపాను. అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నాన్న డాష్‌బోర్డు తెరిచి కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. రెండో చేయి తలుపు హ్యాండిల్ మీద వేశాడు. మన దగ్గర పద్ధతి అదే కదా. డ్రైవరు దిగి, కాగితాలు పట్టుకుని, సారు దగ్గరికి నడిచి వెళ్లాలి. అది మర్యాద. ఇక్కడ అలా తలుపు తీసుకుని పోలీసు మీదికి నడిచి వచ్చేవాడు వాళ్ల కంటికి ఎలా కనిపిస్తాడో నాకు తెలుసు. "దిగొద్దు నాన్నా! కదలొద్దు!" అని అరిచాను. నాన్న మీద గొంతు పెంచడం అంతకుముందు ఎరగను. ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని, చేతులు ఎక్కడ ఉంచాలో తెలియక నా వైపు చూశాడు. చేతులు డాష్‌బోర్డు మీద పెట్టమన్నాను. పెట్టాడు. ముప్పై ఏళ్లు బస్సు స్టీరింగ్ పట్టిన చేతులు అవి.

హైవే మీద ట్రాఫిక్ తగలకుండా చాలామంది ట్రూపర్లు, అంటే రాష్ట్ర పోలీసులు, కుడి వైపు నుంచే వస్తారు. కాబట్టి మమ్మల్ని ఆపిన ట్రూపర్ ముందుగా వంగి చూసింది నాన్న ముఖంలోకే. వయసులో నాకంటే చిన్నవాడు. 91 అన్నాడు. తెలుసన్నాను. ఈయనెవరని అడిగాడు. మా నాన్నగారు, ఇండియాలో బస్సు డ్రైవరుగా పనిచేశారు అన్నాను. ఆయన నాన్నను కాసేపు చూసి లైసెన్సు తీసుకుని వెళ్లిపోయాడు. తిరిగి వచ్చి ఇచ్చిన టికెట్ మీద 79 అని రాసి ఉంది. 9 మైళ్లు ఎక్కువ. కోర్టుకు పోనక్కర్లేదు, జరిమానా ముందే కట్టేయొచ్చు. ఆరు డీమెరిట్ పాయింట్లు పడాల్సిన చోట మూడు పడ్డాయి.

ఆ రెండు అంకెల మధ్య తేడా విలువ వీసా మీద బతికేవాళ్లకు తెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే వాళ్ల విద్యార్థి హోదా నమోదులు, రద్దయ్యాయి. వాళ్లలో కొందరి మీద ఉన్నది పాత ట్రాఫిక్ కేసే. కోర్టులకు వెళ్లాక పునరుద్ధరించారు గానీ, ఆ వారాల్లో మన పిల్లలు ఎంతమంది నిద్రలేకుండా గడిపారో చూశాను. నాకు దొరికిన దయ వాళ్లకు ఎక్కడా దొరకలేదు. నాకెందుకు దొరికిందంటే కారణం చెప్పలేను. నేను చేసిన పనిలో మాత్రం దానికి తగిన యోగ్యత ఏమీ లేదు.

గుర్తుల్లేని కార్లతో పట్టుకోవడం మోసమని మా స్నేహితులు అంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను. ఇప్పుడు అనను. గుర్తులున్న కారు అది కనిపించినంత మేర మాత్రమే నన్ను నెమ్మదిగా నడిపించింది. ఇంతకీ ఆ వేగంతో కలిసొచ్చేది ఎంత? ఐ-81 మీద న్యూమార్కెట్ నుంచి ఐ-66 మలుపు దాకా 36 మైళ్లు. 70కి బదులు 91లో పోతే మిగిలేది ఏడు నిమిషాలు. గుద్దితే తగిలే దెబ్బ బలం మాత్రం దాదాపు 70 శాతం ఎక్కువ. ఆ ఏడు నిమిషాలతో ఇంటికి పోయి నేను చేయబోయేది కూడా ఏమీ లేదు.

స్ట్రాస్‌బర్గ్ దగ్గర పెట్రోల్ బంకులో ఆగి టీ తాగుతుండగా, వాడు ఎప్పటినుంచి వెనకాల ఉన్నాడో నాకు తెలియనే లేదు అన్నాను.

"ఆ లారీల వరస దాటిన కాడి నుంచీ ఉన్నాడురా. దగ్గరికి రాడు, దూరం పోడు. మనం ఎంతలో పోతే అంతలో వస్తున్నాడు. అద్దంలో చూస్తానే ఉన్నా."

"మరి చెప్పొచ్చుగా నాన్నా?"

"నిదానంగా పోరా అని రెండుసార్లు చెప్పా గదరా."

చెప్పాడు. రెండుసార్లూ నేను, ఇక్కడి రోడ్లు వేరు నాన్నా, అన్నాను.