మందు కలిపేటోనికి పారాచూటేది?

మనుషుల్ని కూర్చోబెట్టి పైకి పంపే రాకెట్‌కు ఏ బూస్టర్ మంచిది? ఘన ఇంధనమా, ద్రవ ఇంధనమా? టీవీల్లో ఈ చర్చ చూడ ముచ్చటగా ఉంటుంది. ఇద్దరు నిపుణులు, ఒక గ్రాఫిక్కు, నడుమ యాంకర్ కేకలు.

అంత ఖర్చెందుకు? గోదావరిఖని బొగ్గుబాయిలో మందు పేల్చే ఏ షాట్‌ఫైరర్‌ని అడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అంటుకున్న మందు ఆగదు. ఘన బూస్టర్ కథంతా అదే. అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరు జిగురు కలిపి పోతపోసి గట్టిపరుస్తారు. నిప్పు తగిలిందంటే చివరి పిసరు దాకా మండాల్సిందే. ద్రవ ఇంజిన్‌కు వాల్వు ఉంటుంది. తేడా కనిపిస్తే కట్టేయొచ్చు.

మరి మన గగన్‌యాన్‌కు కట్టేవేవి? రెండు ఘన బూస్టర్లే! ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా మందు. 2022 మే 13న శ్రీహరికోటలో ఒకదాన్ని 135 సెకన్లు మండించి చూశారు. సక్కగనే మండింది. అయినా సరే, ఇస్రోను తిట్టేద్దామంటారా? జర ఆగండి. ప్రమాదం ముంచుకొస్తే వ్యోమగాముల గదిని లాక్కుపోయే ఎస్కేప్ మోటార్లు కూడా ఘన ఇంధనంవే. రెప్పపాటులో అంత బలం ఇచ్చేది అదే మరి. పోనీ ద్రవమైతే భద్రమా? 2018 అక్టోబరు 11న రష్యా రాకెట్ సోయుజ్ ఎంఎస్-10 బూస్టర్ విడిపోతూ రాకెట్‌నే గుద్దింది. అది పూర్తిగా ద్రవ ఇంధన రాకెట్. లోపలి ఇద్దరూ బతికి బయటపడ్డారు. తప్పించుకునే దారి ముందే పెట్టారు కాబట్టి.

ఇంధనం ఏదైనా తేడా రావచ్చు. వచ్చేముందు ఎవడో ఒకడు ‘ఆపుండ్రి’ అంటాడు. వాడి మాట ఎవరు విన్నారు?

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఎవరూ వినలేదు. ఛాలెంజర్ స్పేస్ షటిల్‌కు బూస్టర్లు చేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజినీర్లు మొత్తుకున్నారు. చలికి బూస్టర్ అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుపోతాయి, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువైతే ఎగరేయొద్దన్నారు. నాసా పెద్దలకు కోపమొచ్చింది. కంపెనీ పెద్దలకు కాంట్రాక్టు గుర్తొచ్చింది. ఇంజినీర్ టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకొమ్మని ఒక పెద్దాయనకు హితబోధ కూడా జరిగింది. ఆయన పెట్టుకున్నాడు. తెల్లారి ఎగిరిన 73 సెకన్లకే షటిల్ ముక్కలై ఏడుగురు పోయారు. షటిల్ కూలే అవకాశం లక్షలో ఒకటని మేనేజర్ల లెక్క. వందలో ఒకటని ఇంజినీర్ల లెక్క. చివరికి 135 ప్రయాణాల్లో రెండు షటిళ్లు పోయాయి. ఎవరి లెక్క నిజమైందో మీరే చూడండి. ఆ రెండోదాంట్లోనే కదా మన కల్పనా చావ్లా పోయింది? షటిల్ రెక్కకు దెబ్బ తగిలింది, పైనుండగానే ఫొటోలు తీయించండని అప్పుడూ ఇంజినీర్లు అడిగారు. అప్పుడూ అవసరం లేదన్నారు. గిదేం తెలివి?

మన దగ్గర తేదీల పిచ్చి వేరే రకం. 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని మోదీ మాటిచ్చారు. 2022 లోపు మనోడు అంతరిక్షంలో ఉంటాడని. 2022 ఎందుకు? స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు! రబ్బరు రింగుకు జెండా పండుగ తెలుసా? 2022 పోయింది. ఇప్పుడు 2027 అంటున్నారు. నన్నడిగితే ఇస్రో చేసిన గొప్ప పనుల్లో ఈ ఆలస్యం ఒకటి. 2023 అక్టోబరు 21న ఎస్కేప్ వ్యవస్థను పరీక్షించే రాకెట్‌ను లేవడానికి ఐదు సెకన్ల ముందు కంప్యూటర్ ఆపేసింది. దాన్నెవరూ మేనేజర్ టోపీ పెట్టుకొమ్మనలేదు. కారణం వెతికి, సరిచేసి, అదే పొద్దున ఎగరేశారు.

బాగుంది. కుర్చీలో కూర్చునే ముగ్గురికి ఇంత జాగ్రత్త. ఉండాల్సిందే. మరి ఆ కుర్చీ కింది మందు కలిపేటోనికి?

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన విభాగంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. ఎందరికి గుర్తుంది? అంతకుముందు ఏడాది బ్రెజిల్‌లోని అల్కాంటారాలో ఘన మోటారు ప్రయోగ వేదిక మీదే అంటుకుని 21 మంది పోయారు. ఆ రాకెట్‌లో వ్యోమగామి ఒక్కడూ లేడు. తెలుగమ్మాయి బండ్ల శిరీష 2021లో అంతరిక్షపు అంచు దాకా వెళ్లొస్తే ఊరూరా మిఠాయిలు పంచాం. ఆ నౌకది ఘనం, ద్రవం రెండూ కలిసిన హైబ్రిడ్ మోటారు, అన్నిటికన్నా భద్రమైనదని పేరు. అలాంటి మోటారు కోసమే 2007లో మొహావీ ఎడారిలో నైట్రస్ ఆక్సైడ్ పరీక్ష చేస్తుంటే పేలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. మిఠాయిలో వాళ్ల వాటా ఏది?

దూరమెందుకు పోవాలి? 2025 ఏప్రిల్ 29న యాదాద్రి భువనగిరి జిల్లా మోటకొండూరు మండలంలో, ప్రొపెల్లెంట్, అంటే ఈ మందే, తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. ముగ్గురు పోయారు. రెండ్రోజులు వార్త. పరిహారం ప్రకటన. విచారణకు ఆదేశం. ఖతం.

ఈ తంతు మా బొగ్గుబాయిలకు కొత్తగాదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది జలసమాధి అయ్యారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు. ఏటా రక్షణ పక్షోత్సవాలు మాత్రం ఘనం. షామియానా, పూలదండలు, కుడిచెయ్యి చాపి ప్రతిజ్ఞ. ‘ఉత్పత్తి కన్నా రక్షణే ముఖ్యం’ అని మైకులో దొరవారు. అదే దొరవారు మర్నాడు మస్టర్ కాడ నిలబడి అడిగే మొదటి ప్రశ్న ఏంది? ‘నిన్న టన్నులెన్ని?’ బాయిలో పాతకాపు కట్టెతో కప్పును తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే సరే. బోలుగా మోగితే, ‘ఇక్కడొద్దు సార్’ అంటాడు. ఆయనది ఇంజినీర్ టోపీయే. దీపమున్న టోపీ. ఆ మాట పట్టుకుని పని ఆపిన ఆఫీసర్‌కు ఎన్నడన్నా షామియానా కింద శాలువా కప్పారా?

గగన్‌యాన్ లేచిన రోజు మనమూ చప్పట్లు కొడదాం. ఎందుకు కొట్టం? ఆ రాత్రి స్టూడియోల్లో జెండాలు, డప్పులు, దేశభక్తి దుంకులాట ఎట్లాగూ ఉంటాయి. మధ్యలో ఒక్క యాంకరైనా మోటకొండూరు పేరెత్తితే నాకు కబురు చెప్పండి. మీ ఇంటి కేబుల్ బిల్లు ఏడాది పాటు నేనే కడతా. పైసలు పోతయన్న బుగులైతే నాకు లేదు.