తాళ మిచ్చి పొండు: టీకాతాత్పర్య సహితము

అవతారిక

సముద్రము వాకిటనే యుండగా దానిని చూచుటకు తీరిక చిక్కని విశాఖపట్టణపు సంసారులు, చలి పడగానే ఉన్నిటోపీలును, దుప్పట్లును, పులిహోర డబ్బాయును మూటగట్టుకొని కొండ యెక్కుట అనాది కాకపోయినను, కొండకు రైలు పడిననాటినుండియు వచ్చుచున్న సదాచారము. ఆ యాచారమునుబట్టి మేమును మొన్న మార్గశిరమున శృంగవరపుకోట దాటి, బొడ్డవర యొద్ద ఘాటురోడ్డెక్కి, మలుపుమలుపునకు మా ఆవిడకు కడుపులో త్రిప్పుచుండగా బండి నాపుచు, తైడాయును డముకుయును గడచి అనంతగిరి చేరితిమి. ప్రభుత్వ పర్యాటకసంస్థవారి హరిత విడిది అచ్చటనే యున్నను, మా యల్లుడు ఫోనులోనే సొమ్ము చెల్లించి కుదిర్చిన తొమ్మిదిగదుల ‘బొటీక్ హోటలు’న దిగుట మాకు విధియయ్యెను.

బొటీక్ అను మాట విని మా ఆవిడ మిక్కిలి సంతసించినది. ఏలయన మన యూళ్లలో బొటీక్ అనగా జాకెట్లకు మగ్గంవర్కు చేసి, చీరకు కుచ్చులు వేసి, చెప్పిన దినమున నీయని దుకాణము. హోటలునకు ఈ పేరు 1984లో న్యూయార్కునందు మోర్గన్స్ అను హోటలు వెలసినపుడు తగిలినది. పెద్ద హోటళ్లు సమస్తమును అమ్ము మహావిపణులైనచో తమది ఏరి కూర్చిన చిన్న దుకాణమని దాని యజమానులలో నొకడైన స్టీవ్ రుబెల్ సామ్యము చెప్పెనట. ఆ పేరు పుట్టకమునుపే శ్రీలంకలో బెంటోట సముద్రతీరమున జెఫ్రీ బావా యను శిల్పి, విడిది గృహము తానున్న చోటివలెనే యుండవలెనని కట్టి చూపెను. ఇట్లు సముద్రపుటొడ్డున పెరిగిన యీ మతము క్రమముగా మావలెనే కొండ యెక్కినది.

మా గది పేరు ‘పిప్పలి’. దాని తలుపు వెనుక వెదురుచట్రములో బిగించిన గమనిక యొకటి కలదు. అది గద్యము. పఠనయోగ్యముగా నుండుటకై నేనే దాని నాటవెలదిలో పెట్టితిని గనుక, ఇందలి దోషములు మూలకర్తవి, గుణములు నావి యని పాఠకులు గ్రహింతురుగాక.

మూలము

ఆ. కోతులుండుగానఁ గొళ్లెంబు వేయుఁడీ
వేడినీరు గలదు వేకువందె
గడియ పదునొకండు కాఁగానె గదివీడి
తాళ మిచ్చి పొండు తప్పకుండ

ప్రతిపదార్థము

కోతులు = మర్కటములు; ఉండున్ కాన = నివసించుచుండును గనుక (నివసించునవి కోతులు; అతిథులు దిగుదురు, అంతియే); గొళ్లెంబు వేయుఁడీ = కిటికీకిని తలుపునకును గొళ్లెము బిగింపుఁడు; వేడినీరు = ఉష్ణోదకము; వేకువందె = తెల్లవాఱుజామున మాత్రమే; కలదు = ఉన్నది (‘వచ్చును’ అని మూలకర్త యనకుండుట గమనింపదగినది); గడియ పదునొకండు కాఁగానె = పదునొకండు కొట్టగానే; గది వీడి = గదిని విడిచి; తాళము ఇచ్చి = తాళపుచెవిని అప్పగించి; పొండు = వెళ్లుఁడు; తప్పకుండ = ఏ నెపమును చెప్పక.

తాత్పర్యము

ఓ యతిథులారా! కోతులున్నవి గనుక కిటికీలు మూసికొనుఁడు. వెచ్చని నీరు కావలెనన్న చీకటితో లేవుఁడు. వేళ కాగానే వెళ్లిపొండు. వచ్చుటనుగూర్చి మాత్రము పద్యమున నొక్క మాటయు లేదు. అది ముందుగా చెల్లించిన సొమ్ముచేతనే సిద్ధించినదని భావము.

విశేషములు

1. కావ్యాదిని మంగళాచరణ ముండవలెను గదా, కోతితో నారంభించుట తగునా యని శంకింపరాదు. కోతిని తలచుట ఆంజనేయస్మరణమే. మా గది కంటియున్న స్నానగృహమునకు పైకప్పు లేదు, ఆకాశమే కప్పు. నక్షత్రములను చూచుచు స్నానమాడవచ్చునని రూపశిల్పి యుద్దేశము. నక్షత్రములకు వచ్చుదారి యున్నచోట కోతికిని దారి యుండునని యాయనకు తోపలేదు. మొదటినాటి సాయంకాలమున, అడ్డాకులో చుట్టి నారతో కట్టిన సబ్బును ఫలహారపు పొట్లమని భ్రమించి యొక గండుకోతి గోడదిగి, మా ఆవిడ చూచుచుండగనే యెత్తుకొనిపోయి, కాఫీచెట్లకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ కొమ్మపై కూర్చుండి, కట్టు విప్పి, కొఱికి, మా వంక తిరిగి చూచెను. ఇది భ్రాంతిమదలంకారము. ఆ చూపు మాత్రము ఏ యలంకారమో నేను నిర్ణయింపలేకున్నాను.

2. ‘వేకువందె’ అను నవధారణార్థకముచే మధ్యాహ్నమును, సాయంకాలమును, రాత్రియు తోసివేయబడినవి. ఇట్టి విడిదిలో నీళ్లకు కఱవేల యని పనివాని నడుగగా, ఆ పడుచువాడు, “ఎకో ఫ్రెండ్లీ సార్, కట్టెల బాయిలరు. పొద్దున్న ఒక్కసారే ఎలిగిస్తాం” అని వినయముగా చెప్పెను. ప్రకృతితో హోటలువారికి గల యీ స్నేహము, మార్గశిరమాసపు చలిలో, నా వీపుమీదుగా సాగెనని వేఱుగ చెప్పనక్కఱలేదు.

3. ఇక ముఖ్యమైన యలంకారచర్చ. కువలయానందమున అప్పయ్య దీక్షితులవారు నూఱు పైచిలుకు అలంకారములను వివరించిరి గాని, ఈ గదిలో నున్న యలంకారము వారికి దొరకలేదు. తలుపు ప్రక్కన నల్లని మట్టికుండలో నొక కొండచీపురు, వెన్నులు పైకి వచ్చునట్లు, పుష్పగుచ్ఛమువలె నిలుపబడి యున్నది. మంచము దాపున నొక తిరగలి పైఱాయి. దాని మీద దీపము. గోడకు చేరవేసిన వెదురునిచ్చెన కలదు. దానికి మెట్టుకొక తువ్వాలు. గోడ యెఱ్ఱమట్టితో అలికినట్లే యుండును గాని గోట గీచినచో రాలదు, సిమెంటు. భోజనశాలలో మనము చోడియంబలి యని గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగునది చిన్న గాజుపాత్రలో పుదీనాకుతో వచ్చును. దాని పేరు మిల్లెట్ సూపు.

వీనినన్నిటిని పరిశీలింపగా నాకొక లక్షణము స్ఫురించినది: వస్తువు తన పని మానుకొన్నచో అలంకారమగును. దీనికి కర్మసన్న్యాసాలంకారమని పేరు పెట్టితిని. ఊడ్చు చీపురు మూల నుండును; ఊడ్వని చీపురు కుండలో నుండును. విసరు తిరగలి వంటింటిలో, విసరని తిరగలి మంచము దాపున. ఇందు మఱియొక సూక్ష్మము కలదు. ఆఫీసు లేదు, కూరలసంచి లేదు, పక్క యెత్తిపెట్టుట లేదు. మూడు దినములు ఏ పనియు చేయక అద్దపు కిటికీ యెదుట కూర్చుండిన నేనును ఆ లక్షణమునకు లోబడిన వాడనే. గదిలో అలంకారములు మూడని యెంచితిని గాని, నాలుగవది నేనే. దానికి మాత్రము అద్దె మా యల్లుడు చెల్లించెను.

పూర్వపక్షము: పేదవాని యింటి సామగ్రిని ధనవంతుని గదిలో బొమ్మ చేయుట పరిహాసమని యొకరందురు. కాదు, కంటబడని వస్తువును కంటబడజేయుట గౌరవమే యని వేఱొకరు. ఈ వివాదమును నేను రాత్రి యంతయు తలపోసి, ఇరుపక్షములకును ప్రమాణములు కూర్చి, తెల్లవాఱి వేడినీటి కొఱకు లేచి వసారాలోనికి రాగా, అచ్చట నొక గిరిజన స్త్రీ కొండచీపురుతో రాత్రి రాలిన యాకులను ఊడ్చుచుండెను. మంచు దట్టముగా నుండుటచే మనిషి సగమే కానవచ్చుచుండెను. చీపురు చప్పుడు మాత్రము పూర్తిగా వినబడుచుండెను. మా ఆవిడ, “ఏమమ్మా, మా గదిలో కుండలో పెట్టినదీ ఈ చీపురేనా?” అని యడిగినది. ఆమె నడుము నెత్తకయే నవ్వి, “రెండూ ఒకటేనమ్మా. అది సూడ్డానికి, ఇది ఊడ్డానికి” అన్నది.

ఇదియే సిద్ధాంతము. ఇందు అంత్యానుప్రాసము స్పష్టము. నా లక్షణమునకు ఇంతకంటె చక్కని లక్ష్యము దొరకదు. నిజము చెప్పవలెనన్న, ఈ లక్ష్యమున్న పిదప ఆ లక్షణముతో పని లేదు.

అయినను కొండ వస్తువులన్నియు దూరము పోగానే బొమ్మలగునని సాధారణీకరింపరాదు. తెల్లవాఱి మాకు వచ్చిన కాఫీ యీ కొండలదే: సిల్వర్ ఓక్ నీడను పెరిగి, మిరియపుతీగకు పొరుగైన చెట్టుది. ఆ గింజకు 2017లో పారిసు నగరమున అరకు పేరనే దుకాణము తెరవబడెను. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళికగుర్తింపు లభించెను. గింజ యెంత దూరము పోయినను దాని పేరును, దాని పనియు దానితోడనే పోయినవి. త్రాగినవాని మత్తు వదలించుట మానలేదు. చీపురునకు అంబలికి జరిగిన దట్లు కాదు. ఒకదాని పని పోయినది, ఒకదాని పేరు పోయినది. పేరుతోడను పనితోడను పోవుట కీర్తి. ఒకటి విడిచి పోవుట యలంకారము.

4. ‘గడియ’ యందు శ్లేష. గడియ యనగా తలుపు బిగించు కొయ్య. మొదటి పాదమున కోతికి వేయుమన్న గడియయే మూడవ పాదమున మనకు తీయబడునని ధ్వని. గడియ యనగా కాలమును. ప్రాచీనుల లెక్కలో నది 24 నిమిషములు. సూర్యోదయము ఆఱింటికని యెంచినచో పదునొకండు గడియలు 264 నిమిషములు, అనగా పది గంటల యిరువదినాలుగు నిమిషములకే గది వీడవలెను. గంటల లెక్కను పట్టినచో మఱి 36 నిమిషములు మంచమున నుండవచ్చును. ఉభయార్థములు సంభవించునపుడు అతిథికి హితమైనదే గ్రాహ్యమని నా పక్షము.

5. ఇచ్చట ‘అతిథి’ శబ్దవిచారము. తిథి లేనివాడు అతిథి. ఎన్నడు వచ్చునో, ఎంతకాల ముండునో నియమము లేనివాడు. అట్టివానిని దేవునిగా నెంచుమని తైత్తిరీయోపనిషత్తు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొని యే వేళ వచ్చినవారికైనను అన్నము వడ్డించి ప్రసిద్ధి కెక్కిరి. ఆమె యింటి తలుపు వెనుక పద్యము లేదు. హోటలువాడు మాత్రము వచ్చు తిథియు, పోవు తిథియు, గంటయు, గుర్తింపుకార్డు నకలును వ్రాసికొనిన పిదపగాని మనలను అతిథి యని పిలువడు. కావున మనము వ్యుత్పత్తినిబట్టి సతిథులము. దీనికి హోటలువానిని తప్పుపట్టబనిలేదు. పెద్దన గారి ప్రవరుడు ఇంట నతిథుల నాదరించి, తానొకసారి కొండకు పోయినంతనే పాదలేపము కరగి, తిరిగి వచ్చు దారిలేక యెంత యిడుమపడెనో యెఱిగినవారికి, గది వీడు వేళ యొకటి ముందే వ్రాసియుండుటలోని మేలు తెలియును.

రాత్రి రెండు జాముల వేళ దూరమున గూడ్సుబండి కూత వినబడినది. కొత్తవలసనుండి కిరండూలు పోవు ఈ మార్గము 1960ల దశకమున జపానువారి తోడ్పాటుతో బైలడిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై పడినది. ఇచ్చటి శిమిలిగూడ స్టేషను దాదాపు 1000 మీటర్ల యెత్తున నున్నది. సొరంగములో దూరినపుడు కూత ఆగిపోయి, వెలువడగానే మఱల వినవచ్చుచుండెను. దుప్పటిలో పడుకొని దానిని వినుచు, కొండలు ముక్కలై సముద్రమునకు దిగిపోవుచుండగా సముద్రపుటొడ్డువారము మేము కొండకు వచ్చి యద్దెకుంటిమి గదా యని తలచితిని. ఇనుపఱాతికిని తిథి యున్నది. దానికిని తాళమిచ్చి పోకతప్పలేదు.

6. ‘తాళ మిచ్చి పొండు’ అనుచోట తాళశబ్దమునకు మూడర్థములు. బీగమని యొకటి. చెవి యని లోకవ్యవహారమున రెండవది. ఈ హోటలులో నది లోహమైనను కాదు, కార్డుముక్క, దానికి వలిసెపువ్వు బొమ్మ. సంగీతమునందలి కాలప్రమాణమని మూడవది. ఈ యర్థమున ‘తాళమిచ్చి పొండు’ అనగా తలుపుమీద దరువు వేయబడగానే కదలుఁడని భావము. ఈ మూడవ యర్థము క్లిష్టకల్పనయని కొంద రాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపమునకు సమాధానముగా

(ఇంతవఱకు వ్రాసి, సమాధానమును ఆలోచించుచుండగా తలుపు తట్టిన చప్పుడు. మూడు దెబ్బలు, నడుమ విరామము, మఱల రెండు. “సార్, రూము కిలీనింగు” అని బయటనుండి పిలుపు. గడియారము చూచితిని. పది గంటల యిరువదినాలుగు నిమిషములు. మూలకర్త ప్రాచీనుల పక్షమువాడే.)

గద్య

ఇది శ్రీమదనంతగిరి శిఖరోపాంత నవకోష్ఠమందిర పిప్పలీకక్ష్యాంతర త్రిదినమాత్రనివాసియు, వేకువ స్నానసంజాత ప్రతిశ్యాయుడును, మర్కటాపహృత ఫేనకుడును అగు సతిథిచే రచింపబడిన టీకయందు ఆఱవ విశేషము సగము. మిగిలిన సగము గదిలోనే యుండిపోయినది.