హెడ్డు దగ్గర నిండుగానే ఉంది

సర్వర్ నడపడానికి సర్వర్ గురించి తెలియనక్కర్లేదని ఈ మధ్య రూఢి అయిపోయింది. బ్రౌజర్ ఒకటి ఉంటే చాలునట. అడ్రసు బార్‌లో ఐపీ నంబరు, దాని పక్కన పోర్టు నంబరు కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే సమస్తం ప్రత్యక్షం: తిరిగే చక్రాలు, ఎగిరే గ్రాఫులు, వరసగా పచ్చ చుక్కలు. 'లైనక్స్ రాకపోయినా లైనక్స్ సర్వర్ మీ చేతుల్లో' అంటాడు ఆ తెరను 'ప్యానెల్' పేరుతో అమ్మేవాడు. బందరులోనైనా గుడివాడలోనైనా కోర్సు చెప్పేవాడు ఆ మాటనే వారం రోజుల సిలబస్ చేసి 'సర్వర్ అడ్మిన్' సర్టిఫికెట్టు చేతిలో పెడతాడు. పుచ్చుకున్నవాడు ఆ క్షణం నుంచి ప్యానెల్ పండితుడు.

ఇంతటి మహిమను మామూలు మాటలతో పొగిడితే సరిపోదు. అదృష్టంకొద్దీ తగిన పద్ధతి దివిసీమలోనే ఉంది. పెదప్రోలు కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం చెప్పాడు. పైకి తిట్టినట్టు ఉంటుంది, లోపల స్తుతి. (ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్రది కాదు, ఘంటసాల మండలంలోది. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సి వస్తుంది.) ఆ విద్యను తిరగేసి, పైకి పొగుడుతూ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా రీస్టార్ట్ బటన్‌కు ఒక దండం. ఈ బటన్‌కు జబ్బుతో పని లేదు. డేటాబేస్ బిగుసుకుపోయినా, వెబ్ సర్వర్ నీరసించినా, మెయిలు కదలకపోయినా మందు ఒకటే. నొక్కితే ఎర్ర చుక్క పచ్చబడుతుంది. పండితుడు ఫోనెత్తి "అయిపోయింది సార్, ఇప్పుడు ఓకే" అంటాడు. ముప్పావుగంటకు మళ్లీ ఎర్రబడుతుంది. మళ్లీ నొక్కుతాడు. సాయంత్రానికి వేలు నొప్పి పుడుతుందే తప్ప, డేటాబేస్ ఎందుకు బిగుసుకుంటోందో తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టదు. పుట్టినా దారి లేదు. ఆ నిమిషంలో ఏ క్వెరీ నడుస్తోంది, ఎన్ని కనెక్షన్లు వేలాడుతున్నాయి, ఎవరు ఎవరి తాళం కోసం ఎదురుచూస్తున్నారు, మెమరీ ఎవరు మింగారు అన్న సాక్ష్యమంతా బతికున్న ప్రాసెస్‌లోనే ఉంటుంది. దాన్ని చంపి మళ్లీ పుట్టించే బటన్ ఆ సాక్ష్యాన్ని కూడా తుడిచేస్తుంది. ఎక్కడో ఒక గుమాస్తా రోజుకు నాలుగుసార్లు ఏడాది మొత్తం రిపోర్టు ఒక్క దెబ్బకు లాగుతున్నాడని, ఆ టేబుల్‌కు ఇండెక్స్ లేదని, అసలు కథంతా అదేనని ఇక ఎప్పటికీ బయటపడదు.

కొన్నిసార్లు ఆపరేటింగ్ సిస్టమే పాపం నిజం చెబుతుంది. మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు లైనక్స్ కెర్నల్ ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను ఎంచి చంపుతుంది. ఫలానాదాన్ని చంపాను, ఇంత మెమరీ వాడుతోంది అని తన లాగ్‌లో రాసి పెడుతుంది కూడా. ఆ లాగ్ ప్యానెల్‌లోనే మూడో మెనూలో ఉంటుంది. మూడో మెనూ దాకా వెళ్లడం వారం రోజుల సిలబస్‌లో లేదు.

డిస్కు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ప్యానెల్‌లో చక్రం 41 శాతం చూపిస్తుంది, సగం కూడా నిండలేదు. సర్వర్ మాత్రం చోటు లేదంటూ ఒక్క ఫైలు కూడా రాసుకోనివ్వదు. పండితుడు చక్రాన్ని నమ్ముతాడు, సర్వర్ అబద్ధమాడుతోందని తేలుస్తాడు, రీస్టార్ట్ నొక్కుతాడు. అబద్ధం ఎవరూ ఆడలేదు. ప్రతి ఫైలుకూ డిస్కులో ఒక ఐనోడ్ కావాలి, వాటి సంఖ్యకు హద్దు ఉంటుంది. లాగిన్ అయిన ప్రతివాడికీ ఒక చిట్టి సెషన్ ఫైలు రాసి, పాతవి తుడవడం మరిచిపోతే, అవి లక్షల్లో పేరుకుంటాయి. చోటు మిగులుతుంది, ఐనోడ్లు మిగలవు. డీఎఫ్ అనే కమాండుకు ఐ అన్న ఒక్క అక్షరం తగిలిస్తే ఈ రహస్యం రెండు సెకన్లలో తేలిపోతుంది. కానీ కమాండు కొట్టడమంటే నల్ల తెర తెరవడం, నల్ల తెర తెరవడమంటే తనకు రాదని ఒప్పుకోవడం.

ఇక కాలజ్ఞానం. చాలా సర్వర్ల గడియారం యూటీసీలో ఉంటుంది, అంటే మనకంటే 5:30 గంటలు వెనక. అవనిగడ్డలో ఉదయం 10:30కి పని ఆగిపోయిందని ఫిర్యాదు వస్తుంది. పండితుడు లాగ్‌లో 10:30 వెతుకుతాడు, అక్కడ ఏ తప్పూ కనిపించదు. ఎర్రర్ల గుంపు ఉదయం 5:00 దగ్గర ఉంది. "అది తెల్లవారుజామున వచ్చింది సార్, ఆ టైముకు ఎవరూ వాడరు, దానికీ దీనికీ సంబంధం లేదు" అని రిపోర్టు రాస్తాడు. రిపోర్టు పైకి వెళుతుంది. పైవాళ్లు సంతకం చేస్తారు. కూడికలు తీసివేతలు వచ్చినవాళ్లు ఆ వరసలో ఎవరో ఒకరు ఉండాలి కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది.

ఇవన్నీ చిన్న మహిమలు. అసలు మహిమ పచ్చ చుక్కది. డెల్టా రైతుకు దీని గురించి కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువకు ఇన్ని క్యూసెక్కులు వదిలామని లెక్క వస్తుంది. లెక్క నిజమే, హెడ్డు దగ్గర కాలువ నిండుగానే ఉంటుంది. ఆ నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి, దివిసీమలో మళ్లుతూ మళ్లుతూ, తూటికాడను, గుర్రపుడెక్కను, గండ్లను, అడ్డంగా వేసిన తూములను తప్పించుకుని నాగాయలంక, కోడూరు శివారుకు చేరేసరికి నారుమడి నెర్రెలు విచ్చి ఉంటుంది. శివారు రైతు ఫోన్ చేస్తే "వదిలాం కదయ్యా" అంటారు. గేజీ పలక చూసినవాడిది తప్పు కాదు. తప్పల్లా, ఆ పలక హెడ్డు దగ్గర పాతి, శివారుకు అందుతోందని చెప్పడంలో ఉంది.

ప్యానెల్ పచ్చ చుక్క సరిగ్గా అలాంటి పలకే. వెబ్ సర్వర్ అనే ప్రాసెస్ నడుస్తోందా అని ఆ యంత్రం తనను తాను అడుగుతుంది. నడుస్తోందని తనకు తానే జవాబు చెప్పుకుని పచ్చరంగు పూసుకుంటుంది. నాగాయలంక వైపు ఒక ప్రభుత్వ సేవల కౌంటర్ దగ్గర పేజీ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతోందా, వేలిముద్ర పెట్టాక చక్రం తిరుగుతూనే ఉందా, ఓటీపీ వచ్చేసరికి దాని గడువు తీరిపోతోందా అని అది ఎవరినీ అడగదు. అడగమని దానికి ఎవరూ చెప్పలేదు. బయటి నుంచి, జనం వచ్చే దారిలోనే, జనం చేసే పనే చేసి చూసే పరీక్ష వేరే పెట్టాలి. ఆ పరీక్ష పెడితే పచ్చ చుక్కలు తగ్గిపోతాయి. తగ్గితే సమీక్షలో ఏం చూపించాలి?

ఈలోగా కౌంటర్ దగ్గర ఏమవుతుందో అందరం చూస్తున్నదే.

"ఏం బాబూ, పొద్దుట్నించీ నిలబడ్డాం, ఎంతసేపు?"

"సర్వర్ బిజీ బాబాయ్. రేపు రా."

"నిన్నా ఇదే మాటన్నావు."

"నిన్న డౌన్ బాబాయ్. ఇవాళ బిజీ."

తేడా గమనించాలి. సేవల నాణ్యత పెరుగుతోంది. కొన్ని చోట్ల 'సర్వర్ పనిచేయుట లేదు' అన్న కాగితాన్ని లామినేషన్ చేయించి మేకుకు తగిలించారు. ఎండకు వెలవకుండా, వానకు తడవకుండా ఏళ్లపాటు ఉండాలని ముందుచూపు. మన సర్వర్ల విషయంలో ఎవరైనా దీర్ఘకాలిక ప్రణాళిక వేశారంటే అది వాళ్లే.

ఇప్పుడు భద్రత గురించి. ఇదే పండితుడు జనానికి అవగాహన సదస్సులో చెబుతాడు: అడ్రసు పక్కన తాళం గుర్తు చూడండి, బ్రౌజర్ హెచ్చరిస్తే లోపలికి వెళ్లకండి అని. తను మాత్రం రోజూ పొద్దున్నే ప్యానెల్ తెరవగానే 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని నిలువెత్తు హెచ్చరిక వస్తే, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'అయినా ముందుకు వెళ్లు' నొక్కుతాడు. ప్యానెల్ తనకు తానే రాసుకున్న సర్టిఫికెట్‌తో వస్తుంది, అసలుది పెట్టడం అరగంట పని. ఆ అరగంట దొరకలేదు. ఎన్నేళ్లుగా దొరకలేదో అడగకండి. దారిలో ఎవరైనా దొంగ పేజీ చూపించిన రోజున వచ్చే హెచ్చరిక కూడా అచ్చం అలాగే ఉంటుంది. అప్పుడూ అలవాటుగా నొక్కుతాడు.

ఆ ప్యానెల్ తలుపు లోకమంతటికీ తెరిచి ఉండడం ఇంకో సౌకర్యం. బందరులో కూర్చుని చూడాలి, పెళ్లికి గుడివాడ వెళ్లినా చూడాలి, అందుకని ఏ ఐపీ నుంచైనా రావచ్చని వదిలేస్తాడు. వెబ్‌మిన్ అనే ప్యానెల్‌నే చూడండి. అది 1997 నుంచి ఉంది, జేమీ కామెరాన్ అనే ఆయన రాశాడు, 10000 పోర్టులో కూర్చుంటుంది, సాధారణంగా రూట్ అధికారంతో నడుస్తుంది. అంటే లోపలికి వచ్చినవాడు యంత్రానికి యజమాని. 2018 ఏప్రిల్‌లో ఎవరో దాని బిల్డ్ సర్వర్‌లోకే దూరి, పాస్‌వర్డ్ మార్చుకునే పేజీలో దొడ్డిదారి ఒకటి పెట్టి పోయారు. 2019 ఆగస్టులో గాని అది లోకానికి తెలియలేదు. ఒక వెర్షన్‌లో ఆ దారి అందరికీ తెరుచుకునే ఉంది. తర్వాతి వెర్షన్లలో మాత్రం, గడువు తీరిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చమని అడిగే సెట్టింగ్ పెట్టుకున్న జాగ్రత్తపరులకే ప్రమాదం వచ్చింది. ఏ సెట్టింగూ ముట్టుకోని బద్ధకస్తులు బతికిపోయారు. ఇలాంటి న్యాయం పురాణాల్లోనూ అరుదు. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్ అనే మరొకదాని వంతు వచ్చింది: ఇంటర్నెట్ మీద బార్లా తెరిచి ఉన్న సుమారు 22 వేల సర్వర్లు ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్‌సమ్‌వేర్ ముఠాకు వరసగా దొరికాయి.

అలాంటివి ఎక్కడో జరుగుతాయి అనుకునేవాళ్లకు 2019 మే నెల గుర్తుండాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్‌సమ్‌వేర్ దెబ్బకు పడిపోయాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చాయి: దాడి తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, గడియారాలు సరిచూసుకోవాలి అని. మన పండితుడికి డిస్కు నిండితే గుర్తొచ్చే మొదటి పని లాగ్‌లు చెరిపేయడం. ప్యానెల్‌లో దానికీ బటన్ ఉంది, పేరు 'క్లీనప్'. అంత శుభ్రమైన పేరున్న పనిని నేరమని ఎవరు అనుకుంటారు?

ఒక్క విషయంలో ప్యానెల్‌ను నిజంగానే మెచ్చుకోవాలి. పని తెలిసినవాడి చేతిలో అది బంగారం. పది ఫైళ్లు తెరిచి చూడాల్సింది ఒక్క చూపులో తెలుస్తుంది, తప్పుగా రాసిన లైను సేవ్ కాకముందే పట్టుబడుతుంది, అర్ధరాత్రి ఫోన్ వస్తే మంచం దిగకుండా సగం సంగతి అర్థమవుతుంది. మిగతా సగానికి మంచం దిగాల్సిందే, ఎందుకంటే ఏ సర్వర్ పడిపోయిందో చూపించాల్సిన ప్యానెల్ తరచు ఆ సర్వర్‌లోనే నడుస్తుంది. డిస్కు నిండితే దాని సెషన్ రాసుకోవడానికీ చోటుండదు, లాగిన్ పేజీయే తెరుచుకోదు. అప్పుడు కన్సోల్ దగ్గరికి వెళ్లి నల్ల తెర తెరవాలి. నల్ల తెర ఎదుట మన పండితుడి మొహం చూసి తీరాలి.

పాతరోజులే మేలని నేననడం లేదు. 1998లో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' అనే కంప్యూటర్ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సర్వర్ ఆ ఆఫీసులోనే ఉండేది. ఒకచోట పడిపోతే ఆ ఊరి దస్తావేజులే ఆగేవి, పక్క ఊళ్లో పని సాగేది. తర్వాత ఆ సర్వర్లన్నీ ఒకచోటికి చేర్చడంలో లాభాలు చాలా ఉన్నాయి, కాదనను. కానీ ఇప్పుడు ఒక వేలు తప్పుగా పడితే ఊరు కాదు, రాష్ట్రం ఆగుతుంది. వేలు మాత్రం పాత వేలే, వారం రోజుల కోర్సుదే.

దీనికి విరుగుడుగా మార్కెట్లోకి కొత్త సరుకు వచ్చింది. తనను తానే బాగుచేసుకునే సర్వరట. ప్రాసెస్ చచ్చిపోతే మనిషి చూడకముందే ప్యానెలే రీస్టార్ట్ నొక్కుకుంటుంది. ఐదు నిమిషాలకోసారి చూసేలా పెట్టారనుకోండి, రోజుకు 288 సార్లు చచ్చి 288 సార్లు పుట్టినా చుక్క పచ్చగానే ఉంటుంది. నెలాఖరు రిపోర్టులో నూటికి నూరు. ఎందుకు చస్తోందన్న కాలమ్ ఆ రిపోర్టులో లేదు, పెట్టమని కొన్నవాళ్లు అడగనూ లేదు. బటన్ నొక్కే పని కూడా యంత్రమే చేసుకుంటే పండితుడి ఉద్యోగం ఏమవుతుందని కొందరు బెంగ పడుతున్నారు. బెంగ అక్కర్లేదు. పొద్దున్నే ఆ లామినేషన్ బోర్డు మేకుకు తగిలించడానికి, సాయంత్రం తీసి లోపల పెట్టడానికి మనిషి ఉండాలి కదా.