కంప్యూటర్ కబుర్లకు ఉలిపికట్టె సలహాలు

నలుగురు చేరినచోట కొత్త ప్రాసెసర్ సంగతో, గ్రాఫిక్ కార్డు ధర సంగతో వస్తే పనిలేని కబుర్లని తీసిపారేసేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆ కబుర్లంటే గౌరవం. కంపెనీ చెప్పనిదీ, కొట్టువాడు దాచిందీ, పేపర్లో ఆర్నెల్లకు గానీ రానిదీ మొదట బయటపడేది అక్కడే. బాధల్లా మనం వాటిని చెప్పుకునే తీరు గురించే. మెచ్చుకోళ్లకు చెవులు రిక్కిస్తాం, ఫిర్యాదుల్ని కొట్టిపారేస్తాం. రాబోయే మోడల్ గురించి గంటసేపు వాదించుకుంటాం, ఇంట్లో ఉన్నదాని మూత ఒక్కసారైనా విప్పం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు కదా, ఈ సలహాలు ఆ రెండో దారివి.

సణిగేవాడి పక్కన కూర్చోండి

"సూపర్‌గా ఉంది" అన్నవాడి దగ్గర మీరు నేర్చుకునేదేమీ ఉండదు. డబ్బు పోసి కొన్నాడు, బాగుందనక ఏమంటాడు? "అప్పుడప్పుడూ ఆగిపోతోందండీ" అని నసిగేవాడు దొరికితే వదలొద్దు. ఏ పని చేస్తుంటే ఆగింది, ఎండాకాలంలోనా, కరెంటు పోయి వచ్చాకనా, కొన్న ఎన్నాళ్లకు, అన్నీ ఓపిగ్గా అడగండి.

1994లో అమెరికాలో అలాంటి సణుగుడే ఒకటి మొదలైంది. వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అని లెక్కల ప్రొఫెసర్. కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలు కూడుకుంటూ పోయే పని పెట్టుకున్నారు. ఇంటెల్ వారి పెంటియం ప్రాసెసర్ ఉన్న మెషీన్ చేరాక ఆ ఏడాది జూన్‌లో లెక్క తేడా కొట్టింది. ఆయన వెంటనే చిప్పు మీద పడలేదు. ముందు తన ప్రోగ్రామును అనుమానించారు, తర్వాత కంపైలర్ని, ఆ తర్వాత బోర్డుని. ఒక్కోటీ తీసేసి చూస్తూ అక్టోబరుకు గానీ తప్పు చేస్తున్నది ప్రాసెసరేనని తేల్చుకోలేదు. ఇంటెల్‌కు చెప్పి, ఆ నెలాఖరున తెలిసిన కొందరికి ఈమెయిల్ పెట్టారు, మీ మెషీన్లలోనూ ఇలాగే వస్తోందేమో చూడమని. ఆ ఉత్తరం చేతులు మారుతూ పోయింది. అప్పుడే ఇంకొకరు అందరూ చేసి చూసుకోదగ్గ లెక్క ఒకటి బయటపెట్టారు: 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావాలి, ఆ పెంటియంలో 1.3337 వచ్చేది. క్యాలిక్యులేటర్ తెరిచిన ప్రతివాడూ తన చిప్పు మంచిదో కాదో తానే తేల్చుకోగలిగాడు.

మామూలు వాడకందారుకు ఈ తప్పు 27,000 ఏళ్లకోసారి ఎదురవుతుందని ఇంటెల్ వాదించింది. పెద్ద లెక్కలు చేస్తామని నిరూపించుకుంటేనే చిప్పు మారుస్తామంది. జనం ఊరుకోలేదు. డిసెంబరులో ఐబీఎం పెంటియం మెషీన్ల సరఫరా ఆపేసింది. 20వ తేదీన ఇంటెల్ దిగొచ్చి, అడిగిన ప్రతివారికీ చిప్పు మారుస్తామని ప్రకటించింది. ఆ ఖర్చు కింద 47.5 కోట్ల డాలర్లు లెక్కలో రాసుకోవాల్సొచ్చింది. ఇంతకూ తప్పు ఎక్కడంటే, ఇంటెల్ చెప్పిన ప్రకారం, భాగహారం కోసం చిప్పులో ఉంచిన పట్టికలోని 1066 గళ్లలో అయిదు ఖాళీగా మిగిలిపోయాయి. అయిదే అయిదు.

ఎన్‌విడియా జీటీఎక్స్ 970 గ్రాఫిక్ కార్డు కథా ఇంతే. 4 జీబీ మెమరీ అన్నారు. అందులో చివరి అర జీబీ మిగతాదానికన్నా బాగా నెమ్మదని 2015 జనవరిలో వాడుతున్నవాళ్లే పట్టుకున్నారు. అమెరికాలో దావా పడి, 2016లో కొన్నవాళ్లకు తలా 30 డాలర్లిచ్చి రాజీకొచ్చారు. ఆడుతుంటే బొమ్మ తడబడుతోందని మొదట అన్నవాణ్ణి ఎంతమంది వెక్కిరించి ఉంటారో!

వార్త చల్లారాక చదవండి

ఆలస్యం అమృతం విషం అన్న మాట ప్రాసెసర్ల దగ్గర చెల్లదు. విడుదల రోజున వచ్చే వార్తలో వేగం ఒక్కటే ఉంటుంది. రెండు ఎండాకాలాలు గడిచాక ఆ చిప్పు ఎలా ఉంటుందో ఆ రోజున ఎవడికీ తెలియదు, చేసినవాడికి కూడా.

ఇంటెల్ 13వ తరం డెస్క్‌టాప్ చిప్పులు 2022 అక్టోబరులో, 14వ తరంవి దాదాపు ఏడాదికి వచ్చాయి. వేగంలో వాటిని పొగడనివాళ్లు లేరు. 2024కల్లా వాటిలో పైస్థాయి చిప్పులున్న మెషీన్లలో ఆటలు మధ్యలో పడిపోవడం మొదలైంది. తెర మీద వచ్చే సందేశమేమో "వీడియో మెమరీ చాలలేదు" అని! ఆ మాట నమ్మి గ్రాఫిక్ కార్డును తిట్టుకున్నవాళ్లున్నారు, డ్రైవర్లు పదేపదే ఎక్కించుకున్నవాళ్లున్నారు, ర్యామ్ మార్చి చూసినవాళ్లున్నారు. చివరికి చిప్పు తనకు కావలసినదానికన్నా ఎక్కువ వోల్టేజి అడుగుతోందని, దానివల్ల లోపల అరిగిపోతోందని ఆ జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అయితే ఆ సవరణ ఇకముందు జరగబోయే అరుగుదలను ఆపుతుందంతే, జరిగిపోయినదాన్ని బాగుచెయ్యదు. ఆ తరం చిప్పున్న మెషీన్ మీ ఇంట్లో ఉంటే ఆ సవరణ ఉన్న బయోస్ అప్‌డేట్ చేశారో లేదో ఇవాళే చూడండి. పాత మెషీన్ కొనబోతుంటే మొదట అడగాల్సిందీ అదే.

ఏడాది ఆగినవాడు ఈ సంగతులన్నీ ఫ్రీగా తెలుసుకుని కొంటాడు. ముందు కొన్నవాడి అవస్థ వెనకవాడికి పాఠంగా అందాలంటే మాత్రం ముందువాడు నోరు విప్పాలి. మీ సిస్టమ్ సతాయిస్తుంటే పరువు తక్కువనుకుని దాచొద్దని చెప్పేది అందుకే.

ధర తగ్గుతుందని ఆగకండి

ఇప్పుడే ఆగమని ఇప్పుడే వద్దంటున్నాడేమిటి అనుకుంటారేమో. కొత్తగా వచ్చినదాని కోసం తొందరొద్దు. అవసరం పడ్డ మామూలు సరుకును, ర్యామ్‌నో డిస్కునో, వాయిదా వెయ్యొద్దు. ఎలక్ట్రానిక్ సరుకు ధర ఎప్పుడూ కిందికే పోతుందన్నది మన తరం గుడ్డి నమ్మకం. 2011లో థాయిలాండ్‌కు వరదలొచ్చాయి. హార్డ్‌డిస్కుల ఫ్యాక్టరీలు, వాటి మోటార్లు చేసేచోట్లు నీట మునిగాయి. వారాల్లో డిస్కు ధర రెట్టింపైంది. వచ్చే నెల చూద్దామనుకున్నవాడు మళ్లీ పాత ధర చూడటానికి చాలాకాలం పట్టింది. 2025 చివర్లో ర్యామ్‌కు అదే గతి పట్టింది. ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీలో లాభం ఎక్కువ కనుక కంపెనీలు ఫ్యాక్టరీలను అటు తిప్పాయి. మనబోటివాళ్లకు చాలాకాలంగా తెలిసిన క్రూషియల్ పేరుతో అమ్మే సరుకును ఆపేస్తున్నట్టు ఆ డిసెంబరులో మెమరీ కంపెనీ మైక్రాన్ ప్రకటించింది.

కాబట్టి కంప్యూటర్ వార్తలని వేరే పేజీ ఉంటుందనుకోవద్దు. వాన కబురు, సర్కారు ఉత్తర్వు కూడా కంప్యూటర్ వార్తలే. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్ దిగుమతికి లైసెన్సు కావాలని మన కేంద్ర ప్రభుత్వం ఉన్నట్టుండి ఉత్తర్వు ఇచ్చింది, మర్నాడే అక్టోబరు దాకా వాయిదా వేసింది. ఆ ఒక్క రోజులో ఎన్ని ఇళ్లలో కాలేజీకి వెళ్లే పిల్లలు తల పట్టుకున్నారో చెప్పలేం.

కొత్తది కొనేముందు రబ్బరు కొనండి

పెన్సిలు గీతలు చెరిపే రబ్బరే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కాంప్లెక్సు గురించి తెలియని కంప్యూటర్ మనిషి హైదరాబాద్‌లో ఉండడు. అక్కడ ఒక రిపేరు బల్ల దగ్గర ఈ మధ్య చూశాను. ఒక డిగ్రీ కుర్రాడు సీపీయూ డబ్బాను చంకనేసుకుని వచ్చాడు. "బోర్డు పోయిందంట అన్నా. కొత్తది తీసుకుంటే దీనికెంతిస్తరు?" అన్నాడు. "బోర్డు పోయిందని ఎవరు చెప్పిన్రు తమ్మీ?" అంటూ మెకానిక్ వైరు తగిలించి బటన్ నొక్కాడు. తెర మీద ఏమీ లేదు. లోపల్నుంచి కీమని పొడుగ్గా ఒక మోత, ఆగి మళ్లీ మోత. మెకానిక్ మొహంలో నిశ్చింత. వైరు పీకేసి పక్క రేకు విప్పాడు. ర్యామ్‌కు అటూ ఇటూ ఉన్న కొక్కేలు నొక్కితే అది పైకి లేచింది. దాని అంచున బంగారు రంగులో వరసగా ఉండే పళ్లు నల్లబారి ఉన్నాయి. డ్రాయర్లోంచి అరిగిపోయిన రబ్బరు ముక్క తీసి, పళ్ల మీద మెల్లగా అటూ ఇటూ రుద్దాడు. పొట్టు బ్రష్‌తో దులిపి, మళ్లీ పెట్టి, రెండువైపులా టిక్కుమనేదాకా అదిమాడు. బటన్ నొక్కితే ఈసారి చిన్న కూత, తెర మీద వెలుగు. కుర్రాడు డబ్బా వెనక్కి తీసుకుపోయాడు.

ఈ పని మీరూ చెయ్యొచ్చు, కరెంటు వైరు పూర్తిగా పీకేశాకే. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి, బ్యాంకు సైటు తెరిస్తే సురక్షితం కాదంటోందా? విండోస్ ఫార్మాట్ చెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు పదిమంది దొరుకుతారు. వాళ్ల మాట వినకండి. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోయి ఉంటుంది. మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

అంకెల పేర్లకు విలువ ఇవ్వకండి

3 నానోమీటర్ల చిప్పు అన్నప్పుడు అందులో ఆ కొలతతో ఉన్న భాగమేదీ చూపించలేరు, అదొక తరం పేరు. యూఎస్‌బీ 3.0 అన్నదాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు, వేగం మాత్రం సెకనుకు అదే 5 గిగాబిట్లు. 500 జీబీ డిస్కు విండోస్‌లో 465 చూపిస్తే మోసమని కొట్టువాడితో గొడవపడకండి. డిస్కు కంపెనీ లెక్కపెట్టే పద్ధతి వేరు, విండోస్‌ది వేరు, అంతే.

మోడల్ పేరు చెప్పకండి

బంధువుల్లో ఎవరో ఒకరు "బాబూ, ఏ ల్యాప్‌టాప్ కొనమంటావ్?" అని అడుగుతారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. నోటికొచ్చిన మోడల్ పేరు చెబితే రేపు అది ఏ మూల కిర్రుమన్నా మీదే పూచీ. తిరిగి ప్రశ్న వెయ్యండి: ఇప్పుడున్నదానితో ఇబ్బందేమిటి? అత్తయ్యగారికి డాలస్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడటానికైతే కావలసింది మంచి కెమెరా, వినపడే మైకు. ప్రాసెసర్ తరాల గురించి ఆవిడకు చెప్పి ఏం లాభం? ఆన్ చెయ్యడానికి అయిదు నిమిషాలు పడుతోందంటే లోపల ఇంకా తిరిగే హార్డ్‌డిస్కు ఉందేమో చూడండి. ఎస్‌ఎస్‌డీ వేస్తే సగం కష్టం తీరుతుంది. అసెంబుల్ చేయించుకునేవాళ్లు డబ్బు మిగిల్చి ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) మీద పెట్టండి. రంగు లైట్ల క్యాబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్‌ను నమ్ముకుంటే, వోల్టేజి ఎగిరెగిరిపడే మన ఊళ్లలో అది పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది.

ఇంటెల్లా, ఏఎండీయా అన్న పోట్లాటలో మాత్రం ఎవరి జెండా మొయ్యొద్దు. హీరోల అభిమానులకు కనీసం సినిమా అయినా దక్కుతుంది. 2017లో ఏఎండీ ఏఎమ్4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ మార్చుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ చిప్పును అదే బోర్డు మీద పెట్టుకోగలిగారు. అందుకు ఏఎండీని మెచ్చుకోండి. మొదట పాత బోర్డులకు కుదరదన్నదీ, జనం పోరితేనే ఒప్పుకున్నదీ ఆ కంపెనీయే, అదీ చెప్పండి.

పాతదాన్ని తూకానికి వెయ్యకండి

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచి పైకి ఉండాలి. ఆ గీతకు అవతల పడ్డ మెషీన్లు పనికిరానివని ప్రచారం జరుగుతోంది. లినక్స్ మింట్ వేసి చూడండి. బ్రౌజరు, వీడియో పాఠాలు, తెలుగు టైపింగు అన్నీ నడుస్తాయి. ఎవరికైనా ఇచ్చేస్తుంటే ముందు మీ ఫోటోలు, బ్యాంకు కాగితాలు వేరే డిస్కులోకి తీసుకోండి. డిస్కు మొత్తం చెరిపే ఇవ్వండి, ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు. ఛార్జరు కూడా ఇవ్వడం మర్చిపోకండి. మూత బిగించేముందు లోపల రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందేమో చూసి ఆ సంగతి తీసుకునే పిల్లలకు చెప్పండి.