నా వెనక మట్టి

నేను గాల్వెస్టన్ సముద్రపు గోడను. టెక్సాస్ తీరంలో ఇసుకదిబ్బ లాంటి సన్నని దీవి మీద నన్ను 1902లో మొదలుపెట్టి, 1904కల్లా మూడు మైళ్లకు పైగా నిలబెట్టారు. ఇప్పుడు పది మైళ్లు దాటాను. ఎత్తు 17 అడుగులు, పాదం దగ్గర మందం 16, పైకొచ్చేసరికి 5. అల వచ్చి కొడితే పైకి లేచి వెనక్కే పడేలా నా ముఖాన్ని లోపలికి వంచారు. ఊరిని కాపాడింది నేనేనంటారు. ఆ పేరులో సగమే నాది. మిగతా సగం నా వెనక పోసిన మట్టిది.

1900 సెప్టెంబరు 8 తుపాను నాటికి ఇక్కడ ఎత్తయిన చోటే తొమ్మిది అడుగుల లోపు. ఉప్పెన పదిహేను అడుగులకు తగ్గలేదు. ఆరువేల మందికి పైగా పోయారు, ఎనిమిది వేలని చెప్పేవాళ్లే ఎక్కువ. ఈ ఊరికి తుపాను భయం ఉత్త భ్రమ అని 1891లో పత్రికకు రాసిన వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ భార్య కూడా ఆ నీళ్లలోనే పోయింది. తర్వాత వచ్చిన ఇంజనీర్లు గోడతో సరిపెట్టలేదు, ఊరినే ఎత్తమన్నారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో లేపారు. ఊళ్లో కాలువ తవ్వి, డ్రెడ్జర్లు తెచ్చిన ఇసుక బురదను గొట్టాల్లోంచి ఇళ్ల కిందికి వదిలారు. నీరు జారిపోయేది, ఇసుక మిగిలేది. మూడు వేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చి కూడా అయిదడుగులు పైకి లేచింది. ఏళ్ల తరబడి జనం చెక్క వంతెనల మీదే బజారుకు నడిచారు. ఇల్లు లేపించుకునే ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే.

1915లో అంత పెద్ద తుపానే వచ్చినా ఊళ్లో పోయినవాళ్లు వంద లోపే కదా, అది నీ చలవ కాదా అని అడగొచ్చు. అలల దెబ్బ కాచింది నేనే, కాదనను. కానీ నీళ్లు అప్పుడూ ఊళ్లోకి వచ్చాయి. 2008లో ఐక్ తుపాను వచ్చినప్పుడు సముద్రాన్ని నా ముందు ఆపాను, నీళ్లు దీవి వెనకున్న అఖాతం వైపు నుంచి వచ్చి డౌన్‌టౌన్‌ను ముంచాయి. కారణం చిన్నదే. పోసిన మట్టి నా దగ్గర ఎత్తు, అఖాతం వైపు పోయేకొద్దీ పల్లం. మట్టి పలచబడిన చోటే నీళ్లు నిలిచాయి. పైగా నా ముందున్న బీచ్ కోసుకుపోతుంటే, ఎప్పటికప్పుడు ఇసుక తెచ్చి పోస్తున్నారు.

ఊరంతా ఎత్తడం అన్నిచోట్లా అయ్యే పనా అంటారు. కాదు. అయితే దివిసీమలో 1977 ఉప్పెన తర్వాత స్తంభాల మీద తుపాను షెల్టర్లు కట్టారు. ఊరిని ఎత్తలేనప్పుడు మనిషి నిలబడే చోటునైనా ఎత్తిన లెక్క అది. ఫిలిప్పీన్స్‌లో 2013 ఉప్పెన దెబ్బ తిన్న టాక్లోబాన్ తీరానా పొడవాటి కట్ట లేచింది. దాని ఎత్తు కొలిచేవాళ్లు వెనక వీధుల ఎత్తూ కొలవాలి.

హ్యూస్టన్ నుంచి వచ్చే తెలుగువాళ్లూ, నా మీద నిలబడి ఫొటోలు దిగడం అయ్యాక ఒక్కసారి అఖాతం వైపు నడవండి. దారి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది.