కోడి గుండెకు కోటి రూపాలు

కోడి గుండె ఒకటి పెరిగి పెరిగి ప్రపంచాన్ని మింగేస్తుందని ఏ సినిమా నిర్మాతకైనా కథ చెప్పి చూడండి, కారం ఎంత వేయమంటావని అడుగుతాడు. ఆర్చ్ ఓబొలర్ 1937లో ‘లైట్స్ ఔట్’ అనే అమెరికన్ రేడియో కార్యక్రమానికి రాసింది అచ్చంగా ఈ కథే. ప్రయోగశాలలోని గుండె ముక్క గంటగంటకూ రెట్టింపై, గోడలు బద్దలుకొట్టుకుని షికాగో మీద పడుతుంది. విమానమెక్కి పారిపోయిన శాస్త్రవేత్తను కూడా వదలదు. చదివితే నవ్వొస్తుంది గానీ, వింటే కథ వేరు. బిల్ కాస్బీ 1966 నాటి హాస్య రికార్డులో ఈ నాటకం విన్న పిల్లవాడు, గుండె జారిపడాలని నేలంతా జెల్లీ పూసి, సోఫాకు నిప్పంటిస్తాడు. ఇంత భయానికి మూలం రేడియోవాళ్ల ప్రతిభ కన్నా పిసినారితనమేనని నా వాదన. దయ్యాన్ని తయారుచేసే ఖర్చంతా శ్రోత నెత్తిన రుద్దారు. వాళ్ల పెట్టుబడల్లా వంటింటి సరుకే. తల తెగాలంటే క్యాబేజీ నరికేవారు, మనిషి లోపలిది బయటికి తిరగబడాలంటే రబ్బరు గ్లవ్ తిరగేసేవారు. సినిమా దయ్యానికి వీపున జిప్పు కనిపించవచ్చు. మనసులో సొంతంగా కుట్టుకున్న దయ్యానికి జిప్పు ఎవడు పెట్టుకుంటాడు?

ఆనాటి శ్రోతలు ఉత్త అమాయకులనీ, అందుకే 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ తన రేడియో నాటకంలో అంగారకుడి జీవుల్ని దింపితే దేశమంతా వీధిన పడిందనీ కొందరంటారు. రేడియో అంటే గిట్టని పత్రికలే ఆ గగ్గోలును బాగా ఉబ్బించాయని తర్వాతి పరిశోధకుల మాట. ఆ వేళ వెల్స్‌ను మించి జనం వింటున్నది ఎడ్గర్ బెర్గెన్‌ను. ఆయనది పెదాలు కదపకుండా బొమ్మ చేత మాట్లాడించే విద్య, అదీ రేడియోలో! (కదిపితే మాత్రం చూడొచ్చిందెవరు?) కనిపించని బొమ్మను ముద్దుచేసిన చెవులకు కనిపించని గుండె ఒక లెక్కా? పైగా గుండెకు సైన్సు పూచీ కూడా ఉంది. అలెక్సిస్ కారెల్ 1912లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కోడిపిండం గుండె కణజాలాన్ని పెంచడం మొదలుపెట్టాడు. ఆయన 1944లో పోయాడు, అది 1946 దాకా సాగింది. మామూలు కణాలు అలా అంతులేకుండా విభజన చెందవని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపాక, ఓబొలర్ కథ అలా ఉంచి అసలు ప్రయోగాన్నే శంకించాల్సి వచ్చింది.

పుస్తకం కూడా అంతా ఊహకే వదిలేస్తుంది కదా, రేడియో ప్రత్యేకత ఏమిటంటారా? పుస్తకంలో భయం ముంచుకొస్తే వేలు పెట్టి మూసి, మంచినీళ్లు తాగి రావచ్చు. రేడియోలో గుండె చప్పుడు మీ కోసం ఆగదు, చెవికి రెప్పా లేదు. స్విచ్ కట్టేయొచ్చు, నిజమే. కానీ కట్టేస్తే అది ఏ వీధి దాకా వచ్చిందో ఎలా తెలుస్తుంది?