ఇన్నాళ్లకి చోటిచ్చారా!

2023లో మిషెల్ యోకి ఉత్తమ నటి ఆస్కార్ వస్తే, ఆసియా మహిళకు ఇదే మొదటిసారని లోకమంతా చెప్పుకుంది. ఆవిడకి ఎప్పుడో రావాల్సింది, వచ్చింది, సంతోషం. కానీ "ఫైటింగ్ సినిమాల్లో ఆడవాళ్లకీ, తెల్లవాళ్లు కానివాళ్లకీ ఇన్నాళ్లకి చోటిచ్చారు తాతయ్యా" అని మా మనవడు అనేసరికి ఒళ్లు మండిపోయింది.

ఇన్నాళ్లకా? 1985లోనే ఆవిడ హాంకాంగ్‌లో 'యెస్, మేడమ్' చేసింది. పక్కన సింథియా రాత్‌రాక్ అని అమెరికా అమ్మాయి, కరాటే పోటీల్లో ఛాంపియన్. ఇద్దరూ పోలీసు అధికారులే. కాపాడమని కేకలు వేసే హీరోయిన్లు కారు, తన్నేవాళ్లు. మిషెల్ యో నేర్చుకున్నది బాలే నాట్యం, అయినా ఆ ఫైట్లు తనే చేసింది. అరిగిపోయిన వీడియో క్యాసెట్లో చూశాం. పెదవులొకటి, మాటలొకటి. అయితేనేం, కాలు లేవడమూ అవతలివాడి మొహానికి తగలడమూ ఒకే షాట్‌లో కనిపించేవి.

అంతకు ముందు మాత్రం? 1966లోనే ఛెంగ్ పేపే అనే నటి తెరమీద కత్తి పట్టింది. 1973లో 'ఎంటర్ ద డ్రాగన్' వచ్చినప్పుడు అందరూ బ్రూస్ లీ అన్నారు, నేను జిమ్ కెల్లీ అన్నాను. ఆ నల్లజాతి కుర్రాడు 1971లో లాంగ్ బీచ్ కరాటే పోటీ గెలిచినవాడు. కథ మధ్యలోనే చంపేశారని ఇప్పటికీ నాకు కోపమే. మరుసటి ఏడే అదే దర్శకుడు రాబర్ట్ క్లౌజ్ 'బ్లాక్ బెల్ట్ జోన్స్'లో అతన్ని హీరోని చేశాడు.

ఈ సినిమాలు తీసిన నిర్మాతలేమీ మహానుభావులు కారు. పెద్ద స్టార్లకిచ్చే డబ్బు వాళ్ల దగ్గర లేదు. హీరోకి నెలల తరబడి నేర్పించే తీరికా లేదు. విద్య వచ్చినవాణ్ణి తెచ్చి కెమెరా ముందు నిలబెట్టాల్సిందే. ఆ లేమి వల్లనే నల్లవాడికీ, జపానువాడికీ, ఆడపిల్లకీ తలుపు తెరుచుకుంది. మన తెలుగులో సుమన్, భానుచందర్ కూడా కరాటే నేర్చుకుని తెరమీదికొచ్చినవాళ్లే కదా.

అన్యాయాలు లేవనను. 1981లో 'ఎంటర్ ద నింజా' తీసి ఇటలీ నటుడు ఫ్రాంకో నీరోకి నింజా వేషం కట్టారు. నిజంగా విద్య తెలిసిన జపానువాడు షో కొసుగి విలన్! అయినా రెండేళ్లకే, 1983లో, ఆ సినిమా తీసిన కానన్ సంస్థే కొసుగిని హీరోగా పెట్టి 'రివెంజ్ ఆఫ్ ద నింజా' తీసింది. కానన్ సినిమాల్లో నల్లజాతి నటుడు స్టీవ్ జేమ్స్‌కి ఆ అదృష్టమూ పట్టలేదు. 1985 నాటి 'అమెరికన్ నింజా'లో హీరో మైఖేల్ డుడికాఫ్‌కి ఈ విద్యతో పరిచయమే లేదు. పక్కనే స్నేహితుడి వేషంలో స్టీవ్ జేమ్స్. అతను తెరమీదికి రాగానే హీరోని ఎవరు చూస్తారు? ఆ సినిమా అతనిదే కావలసింది. 1993లో, 41 ఏళ్లకే పోయాడు.

ఇప్పుడు పోస్టరు మీద అన్ని రంగుల మొహాలూ ఉంటాయి. లోపల చూడబోతే కన్ను మూసి తెరిచేలోగా ఫైటు నాలుగు ముక్కలు. ఎవరు తన్నారో, ఎవరు పడ్డారో తెలిసి చావదు. ఒళ్లు స్టంట్ మనిషిది, మొహం కంప్యూటర్‌లో అతికించింది. మొహానికి చోటిచ్చి, విద్య ఉన్నవాణ్ణి దాచేస్తే అదేం గౌరవం? ఆ స్టంట్ వాళ్ల పనికి ఆస్కార్ 2027 సినిమాల నుంచి ఇస్తారట. నూరో వేడుక వచ్చేదాకా వాళ్లు గుర్తుకే రాలేదన్నమాట.

రాత్‌రాక్ మాట అడగండి. 1990లో 'చైనా ఒబ్రయన్' అని సినిమా పేరే ఆవిడ పాత్రది, తీసింది మళ్లీ ఆ క్లౌజే. అమెరికాలో దాన్ని థియేటర్లకి పంపకుండా నేరుగా వీడియో షాపులకి తోసేశారు. ఆడది హీరోగా తన్నే సినిమా ఇదే మొదటిదని ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఆవిడ పేరెత్తగా నేను వినలేదు.